చివరి వంతుకు దొరికిన కూతగాడు

మొదటి వంతు చేతిలో ఉండగా, జిల్లాలోకెల్లా మంచి కూతగాణ్ణి వదిలేసి, అందరి వంతులూ అయ్యేదాకా ఆగి, మళ్ళీ అదే కూతగాణ్ణి చివరి వంతుకు తెచ్చుకున్న మొనగాణ్ణి నేను. ఇలాంటి బేరం మా వైపు అంతకుముందు ఎవరూ చేయలేదు. తర్వాతా చేయలేదు. నన్ను చూశారు కదా, బుద్ధి తెచ్చుకుని ఉంటారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వైపు వ్యాపారస్తులందరం కలిసి బందరులో కబడ్డీ పోటీలు పెట్టేవాళ్ళం. ఎనిమిది ఊళ్ళు, ఎనిమిది జట్లు. అన్నీ సరిసమానంగా ఉంటేనే జనం వస్తారని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఒక్కో జట్టు ఇద్దరు బయటి ఆటగాళ్ళను తీసుకోవచ్చు. పోటీలకు వారం ముందు అందరం కూర్చుని, చీట్లు తీసి, వంతులవారీగా కోరుకోవాలి. మొదటి విడతలో ముందు కోరుకున్నవాడు రెండో విడతలో చివర కోరుకోవాలి. అందుకని నెల ముందు నుంచే పల్లెల మీద పడి కుర్రాళ్ళ ఆట చూసి రావడం ఒక పని. గుడివాడ తరఫున ఆ పని నాది. కబడ్డీ నాకు పెద్దగా తెలియదు. సరుకు చూడటం తెలుసు.

మాది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. పాత ఇత్తడి కొనేటప్పుడు ఏం చేయాలో నాకు పదేళ్ళప్పుడే మా నాన్న నేర్పాడు. బిందెను వేలి కణుపుతో ఒక్కటి కొట్టాలి. చెవి దగ్గర పెట్టుకోవాలి. అది గుడిగంటలా మోగినా సరే మొహం చిట్లించి, "ఎక్కడో బీట ఉందండీ, శబ్దం రెండుగా వస్తోంది" అనాలి. ఆ మాటకు అమ్మేవాడు సగం దిగుతాడు. నచ్చిన వస్తువును తిట్టకుండా కొన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. పెళ్ళిచూపుల్లో కూడా మా ఆవిణ్ణి చూసి మొహం చిట్లించానని ఇప్పటికీ దెప్పుతుంది.

కోడూరు దాటాక, సముద్రం వినపడేంత దగ్గరలో ఒక ఊళ్ళో మంచి కూతగాడు ఉన్నాడంటే స్కూటరేసుకుని వెళ్ళాను. మధ్యాహ్నం మూడింటికి ఆట అన్నారు. నేను చేరేసరికి నాలుగు. ఊళ్ళో మనిషి అలికిడి లేదు. ఆట రద్దయిందేమో, పెట్రోలు దండగ అనుకుంటూ సరుగుడు తోట మలుపు తిరిగాను. అక్కడ, స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టరు ముందు, ఇసుకలో గీతలు గీసి ఆడుతున్నారు. చుట్టూ రెండొందల మంది జనం. మెట్ల మీద, గట్టు మీద, చంకన పిల్లలతో. ఒక్కరూ మాట్లాడటం లేదు.

కూత ఒక్కటే వినపడుతోంది. పొడుగ్గా, సన్నగా, ఇరవై నాలుగేళ్ళ కుర్రాడొకడు ఎదుటి గీత లోపల తిరుగుతున్నాడు. కూతలో ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. దారం తీసినట్టు సాగుతోంది. నలుగురు ఒక్కసారిగా మీద పడ్డారు. ఆ గుట్టలోంచి కూత ఆగకుండా వస్తూనే ఉంది. తర్వాత చెయ్యొకటి, తల ఒకటి, ఆ తర్వాత మనిషి బయటికొచ్చి నడిగీత తాకాడు. అప్పుడు ఆ రెండొందల మందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. అందాకా వాళ్ళూ బిగబట్టి కూర్చున్నారన్నమాట.

పక్కన కూర్చున్న ముసలామెను అడిగాను, "ఎవరూ అరవరేంటండీ?"

"అరిస్తే ఏం వినపడుద్ది?" అంది.

"ఏం వినాలండీ?"

ఆమె నావైపు చూడలేదు. సరుగుడు తోట అవతలికి, సముద్రం ఉన్న వైపుకు చూసింది. ఆ ఊరు డెబ్బై ఏడు ఉప్పెనలో మునిగి లేచిన ఊరని నాకు తెలుసు. మిగిలినవాళ్ళకు వినడం అలవాటైపోయిందేమో అనుకున్నాను. ఆమె ఆ కుర్రాడి నాయనమ్మని అప్పుడు తెలియదు.

తిరుగుదారిలో పామర్రు సెంటర్లో సోడా కొట్టు దగ్గర బందరు జట్టు పెద్దమనిషి తగిలాడు. బట్టల వ్యాపారి. చుట్టరికం లేదుగానీ ఒకరినొకరం బావా అనుకుంటాం. అతనూ నా పని మీదే తిరుగుతున్నాడు.

"ఏం బావా, దివిసీమ వెళ్ళినట్టున్నావ్? దుమ్మంతా మొహానే ఉంది. ఎలా ఉన్నాడంట ఆ కోడూరు వైపు కుర్రాడు?"

నా మొహం దానంతటదే చిట్లింది. "ఉన్నాడులే. కూతలో బీట ఉంది బావా."

"బీటేంటి, ఇత్తడి బిందా?"

"శబ్దం రెండుగా వస్తోంది. రెండు గొంతులు."

ఊపిరితిత్తులు బలహీనం అని అర్థమవ్వాలని నా ఉద్దేశం. కానీ బావ సోడా తాగడం ఆపేశాడు. బేరం పండుతోందని గమనించినవాణ్ణి ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు. గొంతు తగ్గించి, "అందులో ఒకటే వాడిది" అన్నాను.

సోడా డబ్బులు కూడా బావే ఇచ్చాడు.

పది రోజుల తర్వాత సరుకు పని మీద బందరు వెళ్ళాను. కోనేరు సెంటర్ దగ్గర టీ కొట్టులో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, నేను కబడ్డీ తాలూకు అని తెలిసి, తనే చెప్పడం మొదలుపెట్టాడు. "దివిసీమలో ఒక కూతగాడున్నాడంటండీ. కూత పెడితే రెండు గొంతులంట."

నా సరుకే నాకు అమ్మడానికి వచ్చాడని లోపల నవ్వుకున్నాను. "అలాగాండీ, ఇంకా?"

"రెండోది ఆడగొంతంటండీ. వాళ్ళమ్మది. ఉప్పెనలో పోయిందంటగా ఆవిడ."

నవ్వు ఆగిపోయింది. అతని తల్లి సంగతి నేనెవరికీ చెప్పలేదు. నాకు తెలిస్తేగా చెప్పడానికి. దారిలో ఎవరో కల్పించి అతికించి ఉంటారనుకున్నాను. అయినా టీ సగంలో వదిలేశాను. మా వంశంలో డబ్బిచ్చిన టీ వదిలినవాళ్ళు లేరు.

ఆ ఆదివారం మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. సరుకును ఇంకోసారి చూసుకోవడానికని నాకు నేను చెప్పుకున్నాను. కుర్రాడు షెల్టరు మెట్ల మీద కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"గుడివాడ నుంచి కదండీ? ఈసారి పోలీసు డిపార్టుమెంటు జట్టు సారు చూడటానికి వస్తారంట, నిజమేనా అండీ?"

"నిజమే. నచ్చితే ఉద్యోగం ఇస్తారు."

"ఏదో ఒక జట్టులోకి తీసుకోండి చాలు. వచ్చే సంక్రాంతికి నాకు పాతికేళ్ళు నిండుతాయి. ఇక ఉద్యోగానికి రానివ్వరు. ఇదే ఆఖరు." చెప్పేటప్పుడు దీనంగా లేడు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

అతను నీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు నాయనమ్మ పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "అబ్బాయి కూత గురించి బందరులో ఏదో అనుకుంటున్నారండీ. రెండు గొంతులని" అన్నాను.

ఆమె చప్పున నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"మీకూ వినపడిందా నాయనా?"

ఇన్నేళ్ళ వ్యాపారంలో ఎదుటివాళ్ళు ఏం వినాలనుకుంటారో అదే చెప్పడం నాకు ఊపిరి తీసుకున్నంత తేలిక. "వినపడిందండీ" అన్నాను.

ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుని చెప్పింది. ఏడాది నిండని బిడ్డను పొట్టి తాటిచెట్టు మొవ్వులోకి ఎత్తిపెట్టి, కోడలు కింద నీళ్ళలో నిలబడిందట. చీకట్లో బిడ్డ ఎక్కడున్నాడో మిగతావాళ్ళకు తెలియాలని ఊపిరి విడవకుండా ఒకటే కేక సాగదీసి పెట్టిందట. ఆ కేకను పట్టుకునే వీళ్ళు ఈదుకుంటూ వచ్చారు. వచ్చేసరికి బిడ్డ ఉన్నాడు. కేక కూడా ఇంకా వినపడుతూనే ఉందట. మనిషి మాత్రం లేదు.

"అందరూ చాదస్తం అంటారు. మీరొక్కరే విన్నానన్నారు. పంపిస్తానయ్యా, మీతోనే పంపిస్తాను."

స్కూటరు స్టార్ట్ చేయడానికి నాకు నాలుగు తన్నులు పట్టాయి.

ఎంపిక రోజు బందరులో బావ వాళ్ళ కొట్టు మేడ మీద ఎనిమిది మందిమి కూర్చున్నాం. చీటీ తీస్తే ఒకటో నంబరు నాది. అక్కడైనా బుద్ధి రావాల్సింది. కానీ ఒక్క చీటీకి రెండు మంచి సరుకులు వస్తాయన్న ఆశ ఎక్కడికి పోతుంది? పెదపారుపూడి నుంచి వచ్చిన గట్టి పట్టుగాణ్ణి కోరుకున్నాను. తర్వాత ఒక్కొక్కరూ కోరుకుంటూ పోయారు. ఏడుగురు, ఒక్కొక్కరికి రెండేసి వంతులు. పద్నాలుగు సార్లు ఆటగాళ్ళ జాబితాలో ఆ కుర్రాడి పేరు దాటిపోవడం చూశాను. ఎవరూ దాన్ని పైకి చదవలేదు. ఒకాయన వేలు జాబితా వెంట జారుతూ పొరపాటున ఆ పేరు మీద ఆగింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, వేలు కండువాకు తుడుచుకున్నాడు.

నా వంతు వచ్చింది. పేరు చెప్పాను. బావ నావైపు చూసి, "తెలిసి తెలిసి ఎందుకు బావా?" అన్నాడు.

గెలిచాననుకున్నాను. మా జట్టు కెప్టెన్‌తో మాట్లాడేదాకా. అతను మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తాడు, దున్నపోతు ఎదురొచ్చినా తప్పుకోడు.

"ఆ అబ్బాయి పక్కన నేను నిలబడనండీ."

"ఒరేయ్, అది నేను పుట్టించిన మాటరా. పామర్రులో, సోడా తాగుతూ."

"మరి వాళ్ళమ్మ సంగతి?"

"అది నాకప్పుడు తెలియదు."

"తెలియకుండానే మీ నోటెంట వచ్చింది." కెప్టెన్ మెల్లగా అన్నాడు. "అదేనండీ నేను చెప్తంది."

నేను నిజం చెప్పిన ఒకే ఒక్కసారి అది. చెప్పాక అతని భయం రెండింతలైంది. చివరికి బతిమాలి, చివరి పది నిమిషాలు మాత్రం దింపడానికి ఒప్పించాను.

ఆట రోజు ఎండ ఇంకా దిగలేదు. ఎదుటిది బావ జట్టు. డిపార్టుమెంటు సారు గొడుగు కింద కుర్చీలో కూర్చుని, ఒళ్ళో కాగితాలు పెట్టుకున్నాడు. చివరి పది నిమిషాలకు దిగి మా కుర్రాడు కూతకు వెళ్ళాడు. ఎదుటి ఏడుగురూ వెనక గీతదాకా జరిగి నిలబడ్డారు. కాలు చాచి ఒకణ్ణి తాకి వచ్చేశాడు. ఎవరూ అడ్డుపడలేదు. రెండోసారీ అంతే. మూడోసారి వెళ్ళేసరికి అతనికి అర్థమైంది. సారు వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఎదుటి కోర్టు నడిమధ్యకు నడిచి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. పట్టుకోండి అన్నట్టు. కూత సాగుతోంది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఛాతీ చూపిస్తున్నాడు. వాళ్ళు ఒకరి వెనక ఒకరు నక్కుతున్నారు.

బందరు జనం ఈలలకూ కేకలకూ పెట్టింది పేరు. వాళ్ళంతా మౌనమైపోయారు. ఆ ఊళ్ళోలాగే. రెండు వేల మంది, ఒక్క గొంతు.

అతని ఊపిరి అయిపోయింది. పెదాలు మూతపడటం నేను చూశాను. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఆ సందులో, విజిల్ ఊదకముందు, కూత ఇంకో క్షణం సాగింది. సన్నగా. అతని తలకు కొంచెం కిందనుంచి. అది నాకు వినపడిందో, నా అబద్ధమే నా చెవిలో తిరిగిందో నేను చెప్పలేను. పక్కనున్న బావను అడగలేదు. అతను నన్ను అడగలేదు.

ఆట అయ్యాక సారు దగ్గరికి పరిగెత్తాను. ఆయన చిరాకుగా కాగితం మడిచాడు. "ఒక్కడు పట్టు వేయలేదు. విడిపించుకోవడం రానివాడికీ వచ్చినవాడికీ తేడా ఎలా రాయమంటారండీ? మీరే చెప్పండి." కుర్రాడు చొక్కా తొడుక్కుని అవనిగడ్డ బస్సు ఎక్కాడు.

ఆరేడేళ్ళ తర్వాత బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద అతన్నే చూశాను. మేత వేసే పని. నాయనమ్మ పోయిందట. బలవంతంగా టీ ఇప్పించాడు.

"అంతమందిలో నన్ను కోరుకున్నది మీరొక్కరేనండీ. మా నాయనమ్మ పోయేదాకా మిమ్మల్నే తలుచుకుంది" అన్నాడు. నీళ్ళలో గాలి కలిపే చక్రాలు తిరుగుతున్నాయి. అతను మధ్యమధ్య మాట ఆపి వాటి చప్పుడు వింటున్నాడు. లేచేటప్పుడు రెండు కిలోల రొయ్యలు సంచిలో పోసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

లెక్క ఇది. పెట్రోలు, భోజనాలు జట్టు పెట్టుకుంది. సోడా బావ ఇప్పించాడు. పెదపారుపూడి పట్టుగాడి పుణ్యమా అని సెమీఫైనల్ దాకా వెళ్ళాం, ఊళ్ళో నాకు పేరొచ్చింది. మొదటి వంతుకే అతణ్ణి కోరుకుని ఉంటే బాగుపడేవాడా అంటే, లేదు. మాట అప్పటికే పామర్రు దాటిపోయింది. కాబట్టి నా తప్పు చీటీ దగ్గర జరగలేదు, సోడా దగ్గర జరిగింది. నాకు పోయింది సగం టీ. అతనికి పోయింది ఉద్యోగం. గట్టు మీద నిజం చెప్పడానికి నాకు పావుగంట సమయం దొరికింది, చెప్పలేదు. రొయ్యలు ఇంటికి తెచ్చుకుని తిన్నాం, బాగున్నాయి.