నేను మానేసిన పల్లవి

ఆరేళ్లు మోశాను. ఎవరి ముందు దింపుకోవాలో తెలియలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకూ చెబుతున్నాను.

హనుమాన్ జంక్షన్‌కి దగ్గర్లో ఓ చిన్న ఆసుపత్రిలో నర్సుని. మా ఇంజెక్షన్ గదిలో గడియారం లేదు. సిరంజీలు ఇరవై నిమిషాలు మరగాలి కదా, దానికి మా పెద్ద సిస్టరుగారు ఓ పద్ధతి పెట్టారు. నీళ్లు తెర్లగానే చర్చిలో పాడే కీర్తనలు నాలుగు అందుకోవాలి. చరణం చరణానికీ పల్లవి మళ్లీ పాడుతూ, నిదానంగా. నాలుగోది అయ్యాకే మూత తియ్యాలి.

నాకేమో పుట్టుకతోనే తొందర. మూడింటి బెజవాడ బస్సు వెళ్లిపోతుందేమోనని ఓ రోజు పల్లవులు వదిలేసి చరణాలే పాడాను. ఏమీ కాలేదు. మర్నాడూ అంతే. పల్లవి తగ్గితే దేవుడేమన్నా అలుగుతాడా అనుకున్నాను గానీ, ఆ పాట దేవుడి కోసం కాదు, సూది కోసమని నా బుర్రకి ఎక్కలేదు. చూస్తుండగానే అదే అలవాటైపోయింది.

ఒకాయనకి సూది వేసినచోట గడ్డ లేచి చీము పట్టింది. నేతపని ఆయనది. కోసి కట్టు కట్టాక నెలన్నర మగ్గం గుంటలో కూర్చోలేకపోయాడు.

డాక్టరుగారు ఆరా తీశారు. మరిగిన సిరంజీలు తీసి ట్రేలో పెట్టేది ఆయా మార్తమ్మ. చేత్తో ముట్టుకుని ఉంటావని ఆమె మీద కేకలేశారు. ఆమె నా వైపు తిరిగింది.

"నేను పటకారుతోనే తీశానని మీరు చూశారు కదండీ, సిస్టరుగారూ?"

"నేను అటు తిరిగి ఉన్నాను, మార్తమ్మా."

అటు తిరిగి లేను. చూస్తూనే ఉన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చింది? ఉద్యోగం పోతుందనా? కాదు, మంచి నర్సునన్న పేరు పోతుందని. సిగ్గులేని భయం అది. మార్తమ్మని వరండాలు కడగడానికి వేశారు. చెయ్యి శుభ్రం లేని మనిషన్నారు. పసిబిడ్డలకి నీళ్లు పొయ్యడంలో ఆమె తర్వాతే ఎవరైనా, అలాంటిది బాలింతలు ఆమెని పిలవడం మానేశారు.

మర్నాడు ఒక్క పల్లవీ వదలకుండా పాడాను. పాడుతుంటే వరండాలోంచి మార్తమ్మ గొంతు పల్లవి అందుకుంది. రోజూ ఆ గదిలోనే ఉన్న మనిషి, నేను ఏం మింగేస్తున్నానో ఆమెకి తెలియకుండా ఉంటుందా? మరి డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదు? నేనే చెబుతానని చూసిందా? అడిగే ధైర్యం నాకేది.

ఆరేళ్లూ ఆమె అందుకుంటూనే ఉంది, నేను ఒక్కటీ వదల్లేదు. ఈ సిస్టరుగారి పద్ధతంటే పద్ధతని అందరూ నన్ను మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఒంటికి కారం రాసినట్టుండేది.

మొన్న కొత్తగా ఇద్దరు పిల్లలు నర్సులుగా చేరారు. అందులో ఒకమ్మాయి పల్లవి ఎగ్గొట్టి చరణంలోకి దూకింది. తిట్టబోయి ఆగిపోయాను. ఏ మొహంతో తిట్టను? డాక్టరుగారినీ మార్తమ్మనీ పిలిపించి, ఆ పిల్లల ఎదుటే మొత్తం చెప్పేశాను. డాక్టరుగారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఆ తర్వాత, ఆ రోజే వార్డులో అందరికీ నిజం చెప్పమన్నారు. మంచం మంచం దగ్గరా నిలబడి చెప్పాను. మార్తమ్మ మాత్రం కొంగుకి చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. క్షమించానని ఆమె అనలేదు. అనమని నేనూ అడగలేదు.

ఈ పొద్దున నీళ్లు తెర్లాయి. మొదలుపెట్టాను. పల్లవి దగ్గర అలవాటుగా వరండా వైపు చెవి పెట్టాను. ఆ గొంతు రాలేదు. అవతలి వార్డులోంచి పసిబిడ్డ ఏడుపూ, చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడూ వినిపించాయి. ఎవరో బాలింత మార్తమ్మని పిలిచింది.

పల్లవి ఆ ఇద్దరు పిల్లలూ అందుకున్నారు, నిదానంగా. నాలుగోది అయ్యాకే మూత తీశాను.