కూర్చోవడానికి చోటు లేని బండి

ఏ యంత్రం ముందు నిలబడినా ఫిట్టరు మొదట చేసే పని ఒకటే. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు మొనని ఇనుముకి ఆనిస్తాడు. చెక్క పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పట్టి కళ్లు మూసుకుంటాడు. ఊపిరి కూడా బిగబడతాడు.

ముప్పై ఒక్క ఏళ్లు నూలు మిల్లులో చేశాడు. ఆ రొదలో పక్కమనిషి గొంతు చించుకున్నా వినపడేది కాదు. ఏ బేరింగు అరుగుతోందో, ఏ పళ్లచక్రానికి నూనె అందడం లేదో పిడిలోంచి నేరుగా ఎముకకి చేరేది. "మిల్లులో చెవులు ఉత్త అలంకారం. వినాల్సింది ఎముకతో" అనేవాడు కొత్తగా చేరినవాళ్లతో. వాళ్లు అతనికి డాక్టరని పేరు పెట్టారు. రిటైరయ్యాక ఆ స్క్రూడ్రైవరు ఫ్రిజ్ మీదికి, నీళ్ల మోటారు మీదికి, ఒకసారి గోడగడియారం మీదికి కూడా వెళ్లింది.

"నా గుండె మీద మాత్రం పెట్టకండి. ఏం బయటపడుతుందో నాకే తెలీదు" అంది భార్య.

అతని అన్న బస్సు డ్రైవరు. అన్నకి ఒక పాత ట్రయల్స్ బండి ఉండేది. రాళ్ల గుట్టల మీద, వాగుల్లో, బురద గట్ల మీద నడిపే పోటీ బండి. అందులో వేగంతో పనిలేదు. నత్తలా పోయినా సరే, కాలు నేలకి తగలకూడదు. తగిలితే ఒక మార్కు పోతుంది. నిలబడే నడపాలి కాబట్టి దానికి సీటు ఉండదు, పేరుకి అరచేతంత తోలుముక్క ఉంటుంది. "వారం పొడుగునా కూర్చునే ఉంటాను, ఆదివారమైనా నన్ను నిలబడనివ్వండి" అనేవాడు అన్న. "కూర్చోవడానికి చోటు లేని బండి కొన్నాడు, పెళ్లాం ఎక్కుతానంటుందేమోనని" అనేది వదిన.

పోటీల్లో ఫిట్టరు రాళ్ల పక్కన నడుస్తూ వెళ్లేవాడు. సంచిలో రెండు స్పానర్లు, ఒక స్పార్కు ప్లగ్గు, ఈ స్క్రూడ్రైవరు ఉండేవి. ఆ బండికి ఒక జబ్బుండేది. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు టక్, టక్, టక్ అని నాలుగో దెబ్బ మింగేసేది. కార్బురేటర్‌లో పైకీ కిందికీ జారే స్లైడు అరిగిపోయింది. మారుస్తానని ఫిట్టరు ఎన్నిసార్లన్నా అన్న చెయ్యి వేయనివ్వలేదు. సందు మొదట్లో ఆ మింగుడు వినగానే వదిన పొయ్యి మీద టీ పెట్టేది. బండి గుమ్మం ముందు ఆగేసరికి టీ పొంగేది.

అన్న పోయి ఎనిమిదేళ్లయింది. బండి వదిన ఇంట్లో మెట్ల కింద టార్పాలిన్ కప్పుకుని ఉండిపోయింది.

ఫిట్టరు రిటైరైన ఏడాది, అక్టోబరులో, వదిన వచ్చింది. ఆమె ఇల్లు అదే వీధిలో నాలుగిళ్ల అవతల.

"చెవి డాక్టరు దగ్గరికెళ్లాను మరిదీ. లోపల చిన్న ఎముక ఒకటి బిగుసుకుపోతోందట. ఒక చెవి ఎప్పుడో పోయింది కదా. రెండోది కూడా ఏడాదిలోపే పోతుందన్నాడు."

"కాస్త నూనె వేస్తే వదులవదా వదినా?"

"నీ మిల్లనుకున్నావా" అని ఆమె నవ్వింది. నవ్వు ఆగాక అంది. "ఆ బండి బాగుచెయ్యి. పూర్తిగా పోకముందు ఒక్కసారి వినాలి. ఇంకేమీ అడగను."

బండి ఫిట్టరు ఇంటి వెనకగదిలోకి వచ్చింది. పిస్టన్ సిలిండరులో పట్టేసి ఉంది. డీజిలు పోసి తొమ్మిది రోజులు నానబెట్టి, చెక్కముక్క ఆనించి చిన్న సుత్తితో తట్టి తట్టి కదిలించాడు. ట్యాంకులో గుప్పెడు కంకర వేసి, దుప్పటిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ ఊపితే తుప్పు రాలింది. "మనవణ్ణి కూడా ఇంతసేపు ఊపలేదు" అంది భార్య. తీసిన ప్రతి పాత ముక్కనీ కాగితంలో చుట్టి, పేరు రాసి బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. అరిగిన స్లైడు కూడా అందులోకి పోయింది. దాని చోట కొత్తది బిగించాడు. అన్న లేడు కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు లేరు.

మార్చికి ఇంజను సిద్ధమైంది. వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇంక స్టార్ట్ చెయ్యకూడదూ?"

"చక్రాలకి స్పోకులు రావాలి వదినా."

"చక్రాలతో నాకేం పని? నేను ఎక్కుతానా, దిగుతానా!"

"అన్న బండి. అరకొరగా చూపించలేను."

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. స్పోకులు మేలో వచ్చాయి. రిమ్ము వంకర తీయడానికి జూన్ పట్టింది. ట్యాంకు ఎరుపు పాత ఎరుపుతో కలవలేదని మూడుసార్లు గీకి మూడుసార్లు వేశాడు. ఈలోగా వదినతో మాట్లాడేవాళ్ల గొంతులు పెరిగాయి. తర్వాత చేతులు కదిలాయి. తర్వాత భార్య ఫోను పక్కన చిన్న పలక ఒకటి పెట్టింది, వదిన వస్తే రాసి చూపించడానికి. ఇవన్నీ ఫిట్టరు చూశాడు. ఎరుపు కుదరాలి కదా అనుకున్నాడు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం బండిని ఆమె ఇంటి ముందుకి నడిపించుకుంటూ తీసుకెళ్లాడు. వదిన ఇస్త్రీ చీర కట్టుకుని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. భార్య పక్కన నిలబడింది. రెండో కిక్కుకే ఇంజను అందుకుంది. ఒక్క దెబ్బ కూడా తప్పకుండా, గడియారంలా తిరిగింది. ఫిట్టరు తలెత్తి చూశాడు. వదిన నవ్వుతోంది. నెమ్మదిగా తల ఊపుతోంది.

ఇంకా వేడెక్కని ఇంజను ఓ నిమిషానికి దానంతట అదే ఆగిపోయింది.

వీధి నిశ్శబ్దమైంది. వదిన ఇంకా తల ఊపుతూనే ఉంది. కాసేపటికి చెయ్యెత్తి అంది. "చాలు మరిదీ. బాగుంది. ఇంక ఆపెయ్యి, పెట్రోలు దండగ."

భార్య మొహం పక్కకి తిప్పుకుంది. ఫిట్టరు వంగి, తాళం లేని బండిని తాళం తిప్పి ఆపుతున్నట్టు ఏదో చేసి లేచాడు.

ఇంటికొచ్చాక అన్నం దగ్గర భార్య ఊరుకోలేదు.

"మార్చిలో అడిగింది కదండీ."

అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"మార్చిలో వినపడేది అక్కకి. కుక్కర్ కూత వినపడేది. నేను పిలిస్తే వినపడేది. రంగు కావాలందా ఆవిడ?"

"తెలుసు."

"ఇనుము ఎక్కడ నొప్పి పడుతోందో పుల్ల పెట్టి వింటారు. మనిషి గుమ్మంలో నిలబడి నోరు తెరిచి అడిగితే వినపడలేదు."

అతను కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. వెనకగదిలోకి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. పోటీలో అన్నలాగా కాలు కింద పెట్టకుండా గుట్టంతా దాటించానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఎదురుగా గోడకి మేకు మీద స్క్రూడ్రైవరు వేలాడుతోంది. భార్య మాటలో పుల్ల అన్నది దాన్నే. చాలాసేపు దానికేసి చూశాడు.

మర్నాడు పొద్దున్నే టీ తాగకుండా బిస్కెట్ల డబ్బా తెరిచాడు. కాగితాల మీది పేర్లు చదివి చదివి, పాత స్లైడుది పట్టుకుని విప్పాడు. దాని పక్క మీద అరుగుదల వేలిగోటికి తగిలింది. కార్బురేటర్ మూత విప్పి కొత్తది తీసి, ఆ పాడైనదాన్ని బిగించాడు. తెలిసి తెలిసి చెడ్డపని చెయ్యడం అతని జీవితంలో అదే మొదలు.

బండి తోసుకుంటూ నాలుగిళ్లు దాటాడు. వదిన వాకిలి ఊడుస్తోంది. చీపురు పక్కన పడేయించి, బండి దగ్గరికి రమ్మని చేత్తో పిలిచాడు.

"మళ్లీ ఏమొచ్చింది దానికి?" అంది ఆమె, తన గొంతు తనకి తెలియక గట్టిగా.

అతను కిక్కు కొట్టాడు. నాలుగోసారికి అందుకుంది. స్క్రూడ్రైవరు మొనని సిలిండరుకి ఆనించి, చెక్క పిడిని ఆమె చెవి వెనక పెట్టి, ఆమె చెయ్యి తీసుకొచ్చి దాని మీద నొక్కాడు. నొక్కి పట్టమన్నట్టు తల ఊపాడు. కళ్లు మూసి చూపించాడు. ఆమె కూడా కళ్లు మూసుకుంది.

టక్, టక్, టక్. మింగుడు. టక్, టక్, టక్.

ఆమెకి చేరింది చప్పుడో వణుకో అతనికి తెలియదు. నిన్నటిలా ఆమె తల ఊపలేదు. నవ్వలేదు. కొంతసేపటికి కళ్లు తెరవకుండానే ఖాళీగా ఉన్న చెయ్యి చాపి, గాలిలో ఏదో కింద పెట్టింది, పొయ్యి మీద గిన్నె పెట్టినట్టు.

ఇంజను ఆగిపోబోతే అతను యాక్సిలరేటరు కొంచెం తిప్పాడు. ట్యాంకులో పెట్రోలు అయిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.