మళ్ళీ చేతికిచ్చిన పాలిష్ మిషను

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగిలే వస్తువేదీ నా చేతికి ఇచ్చేవారు కాదు. అల్వాల్‌లో మేముండే చిన్న ఇంట్లో నా చేతుల్లో పడి బతికి బయటపడ్డ సామాను తక్కువ. నాన్న కళ్ళద్దాలు, అమ్మమ్మ ఇచ్చిన ఊరగాయ జాడీ, పక్కింట్లో అడిగి తెచ్చిన థర్మాస్ ఫ్లాస్కు అన్నీ అలాగే పోయాయి. అమ్మ నన్ను కొట్టింది లేదు గానీ, "దాని చెయ్యే మోటు" అని వచ్చినవాళ్ళందరితో చెప్పేది. ఆ మాట వినీ వినీ చివరికి నేనే నమ్మేశాను. చుట్టాలకు మంచినీళ్ళు ఇమ్మన్నా చేతులు వెనక్కి దాచుకునేదాన్ని. తొమ్మిదో తరగతిలో సైన్సు ప్రయోగాలు చేయించేటప్పుడు గోడకి ఆనుకుని నిలబడి దూరం నుంచే చూసేదాన్ని.

ఆ ఏడు వేసవి సెలవుల్లో అమ్మకు ఆపరేషన్ అయింది. ఆవిడ కోలుకునేదాకా నన్ను నేరేడ్‌మెట్‌లో మా మేనమామ ఇంటికి పంపించారు. మామయ్యకు ఇంటి పక్కనే రేకుల షెడ్డు ఉండేది. కార్లకు సొట్టలు తీయడం, రంగులు వేయడం, పాత రంగుకు పాలిష్ పట్టడం ఆయన పని. షెడ్డు నిండా ఎప్పుడూ రంగుల్లో కలిపే తిన్నరు వాసన ఉండేది. మామయ్య మాటలు తక్కువ. ఏ బండి వచ్చినా ముందు దాని పక్కన గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, రంగు మీద వెలుతురు ఎలా పడుతుందో చాలాసేపు చూసేవాడు. బండి యజమాని తొందరపెట్టినా లేచేవాడు కాదు.

అత్త రోజూ నాతో షెడ్డుకు చాయ్ పంపేది. గాజు గ్లాసుల్లో పోస్తే నేను పట్టుకోననీ, స్టీలు గ్లాసుల్లో అయితేనే తీసుకెళ్తాననీ మొండికేశాను. అత్త నవ్వేసి స్టీలు గ్లాసులు తీసింది. మామయ్య మాత్రం నవ్వలేదు. చాయ్ తాగుతూ, నేను గ్లాసును రెండు చేతులతో వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని రావడాన్ని చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున నన్ను షెడ్డుకు పిలిచాడు. రెండు డ్రమ్ముల మీద ఒక పాత కారు తలుపు పడుకోబెట్టి ఉంది. దానికి నీలం రంగు కొట్టి ఉంది, కానీ మసకగా, కళ లేకుండా ఉంది. పక్కనే పాలిష్ మిషను. దాని ముందు భాగంలో పళ్ళెం లాంటి చక్రం, చక్రానికి గొర్రె ఉన్ని తొడుగు. నేనప్పటిదాకా దాని చప్పుడు వినడమే తప్ప దగ్గరికి వెళ్ళింది లేదు.

"ఇగో, దీన్ని మెరిపియ్యి" అన్నాడు మామయ్య.

"నాతోని గాదు మామా. నేను ముట్టుకుంటే ఖరాబైతది."

"అయితే కానీ. తుక్కుల పడేసే తలుపే గదా."

వైరు కాళ్ళకు, చక్రానికి తగలకుండా నా భుజం మీదుగా వెనక్కి వేశాడు. రంగును మెరిపించే కాంపౌండు ముద్ద కొంచెం తలుపు మీద పెట్టి, మిషను ఆపి ఉండగానే ఉన్నితో దాన్ని అటూ ఇటూ పులిమి చూపించాడు. అలా చెయ్యకుండా స్విచ్చి వేస్తే ముద్దంతా మొహం మీదకు చిమ్ముతుందట. చక్రం రంగు మీద సమంగా ఆనాలని, తిరుగుతున్నప్పుడు ఒక్కచోట ఆపొద్దని, మెల్లగా జరుపుకుంటూ పోవాలని చెప్పి, తన పనికి తాను వెళ్ళిపోయాడు.

స్విచ్చి వేయగానే ఆ మిషను బతికున్న జంతువులా నా చేతుల్లోంచి పక్కకు గుంజుకుంది. నేను నా బలమంతా పెట్టి అదిమి పట్టుకున్నాను. కాసేపటికి నిజంగానే నీలం మెరవడం మొదలైంది. తలుపులో షెడ్డు కప్పు కనిపించింది, నా జడ కనిపించింది. నాకు ఆశ పుట్టింది. ఆ ఆశతో అంచు దాకా పోయాను. అంచు దగ్గర మిషను ఎగిరింది, నేను ఇంకా గట్టిగా ఒత్తాను. నీలం కింద నుంచి ఎర్రగా ఒక గీత బయటపడింది. దాన్ని చెరపాలని ఇంకోసారి తిప్పితే ఎరుపు మరింత పెద్దదైంది. తలుపు మధ్యలో ఎత్తుగా ఉండే మడత మీద కూడా అలాగే ఎరుపు తేలింది. మిషను ఆపి కింద పెట్టేసి, షెడ్డు బయట నల్లా దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను. మురికి పోయాక కూడా కడుగుతూనే ఉన్నాను.

మామయ్య వచ్చి నల్లా కట్టేశాడు. నన్ను మళ్ళీ తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"పైన నీలం, కింద ఎరుపు. నిన్న నేనే కొట్టిన. నీకు చెప్పలే. ఎరుపు ఏడ కనవడ్డదో జెర మంచిగ సూడు."

చూశాను. అంచున ఉంది, మడత మీద ఉంది.

"నడిమిట్ల ఇంత జాగా ఉన్నది. ఆడ ఏమన్న ఉన్నదా?"

లేదు. తలుపు మధ్యభాగమంతా నీలం నిండుగా, నీళ్ళు పోసినట్టు ఉంది.

"చెయ్యే మోటుదైతే అంతటా గట్లనే లేవాలె. ఒక్క అంచులకే ఎందుకు లేశింది? మిషను గుంజినప్పుడు నీకు భయమైతుంది. భయమైనకాడ ఒత్తుతున్నవ్. గంతే బిడ్డా. చెయ్యిల దోషమేం లేదు."

అంతకాలం నా గురించి అందరూ చెప్పింది ఒక తీర్పు. మామయ్య చెప్పింది మాత్రం ఒక కారణం. పద్నాలుగేళ్ళ పిల్లకు ఆ తేడాను మాటల్లో పెట్టడం చేతకాలేదు గానీ, ఛాతీ మీద నుంచి ఏదో బరువు పక్కకు జరిగినట్టయింది. పుట్టుకతో వచ్చిన చేతిని మార్చుకోలేను. భయమైనచోట వేళ్ళు వదులు చేయడం మాత్రం నేర్చుకోవచ్చు.

ఆ తర్వాత అదే నా పని అయింది. నేను రుద్దడం, మామయ్య ఆ తలుపుకు మళ్ళీ ఎరుపు, దాని మీద నీలం కొట్టి ఆరబెట్టడం. ఒత్తాల్సింది నేను కాదని, మిషను బరువే సరిపోతుందని నెమ్మదిగా అర్థమైంది. అది గుంజినప్పుడు ఎదురు గుంజకుండా కొంచెం దాని వెంట పోయి మళ్ళీ తెచ్చుకోవచ్చని తెలిసింది. అంచులకు కాగితం టేపు అంటించడం, ఎత్తుగా ఉన్న మడతల మీదకు రాగానే మిషనును తేల్చి పట్టుకోవడం, రంగు వేడెక్కిందేమోనని చేతి వెనక భాగంతో చూడడం అలవాటయ్యాయి. మిషను వైపు నుంచి కాకుండా రంగు వైపు నుంచి ఆలోచించడం అప్పుడే మొదలుపెట్టాననుకుంటాను. ఒకరోజు తలుపంతా పూర్తయ్యాక వెతికినా ఎరుపు కనిపించలేదు. మామయ్య గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి చూసి, "ఊఁ" అన్నాడు. అంతే.

సెలవులు అయిపోవస్తుండగా ఒక టీచరమ్మ షెడ్డుకు కారు తెచ్చింది. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. ఆ ముదురు నీలం కారు వాళ్ళ నాన్నగారిది. ఆయన పోయాక అది దుప్పటి కింద పడి ఉండి, రంగు సుద్ద పట్టినట్టు తెల్లబారింది. ఆయన పోయినప్పటి నుంచి వాళ్ళమ్మగారు గడప దాటలేదట. టీచరమ్మ కొత్తగా డ్రైవింగు నేర్చుకుని, వచ్చే ఆదివారం తల్లిని ఆ కారులోనే చర్చికి తీసుకెళ్ళాలనుకుంది. కొత్త రంగు మాత్రం వద్దంది. నాన్నగారు ఉన్నప్పటి రంగే మళ్ళీ కనిపించాలంది.

మామయ్య ఆవిడతో ఉన్నమాట చెప్పాడు. పాత రంగు పలచగా ఉంది, జాగ్రత్తగా చెయ్యాలి, పైభాగం, తలుపులు తాను చేస్తాడు, బానెట్టు మాత్రం తన మేనకోడలు చేస్తుంది, తాను పక్కనే ఉంటాడు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, కాసేపు ఆలోచించి సరేనంది.

శనివారం పొద్దున నేను బానెట్టు మొదలుపెట్టేసరికి టీచరమ్మ కుర్చీ వేసుకుని ఎదురుగానే కూర్చుంది. తెల్లబారిన పొర లేచి ఉన్ని అంతా నీలమైంది. దాని కింద నుంచి అసలు రంగు, వానాకాలం సాయంత్రపు ఆకాశంలా, జానెడు జానెడు చొప్పున తేలుతూ వచ్చింది. సగానికి పైగా అయ్యాక, ముందు అంచున అంటించిన టేపు ఊడి ఉన్నికి చుట్టుకుంది. మిషను ఒక్కసారిగా ఎగిరింది. ఇన్నాళ్ళు నేర్చుకున్నది మరిచిపోయి నేను అదిమి పట్టుకున్నాను. ఆపేసరికి అంచు దగ్గర బొటనవేలి గోరంత మేర రంగు పోయి, కింది బూడిద రంగు పూత కనిపిస్తోంది.

టీచరమ్మ లేచి వచ్చి ఆ చోట వేలు పెట్టి చూసింది. ఆవిడ ముఖం వైపు నేను చూడలేకపోయాను.

"ఏమైంది?" అని మామయ్య నన్నే అడిగాడు.

"భయమైంది మామా. ఒత్తిన."

ఆయన తలూపి, ఆవిడ వైపు తిరిగాడు. "టేపు సూస్కోవాల్సింది నేను టీచరమ్మా, నాది సుత తప్పున్నది. రంగు కలిపి సన్న బ్రష్షుతోని దిద్దుతా. దూరంకెళ్ళి తెలవది, దగ్గరికొచ్చి సూస్తే తెలుస్తది. మిగిలింది నన్ను చెయ్యమంటరా, పోరినే చెయ్యమంటరా, మీరే చెప్పుండ్రి."

ఆవిడ ఆ మచ్చ మీద నుంచి వేలు తీయకుండానే నిలబడింది.

"మొన్న డ్రైవింగు నేర్చుకుంటూ నేను బండి తీసుకెళ్ళి గేటుకి గుద్దానండీ. నేర్పించే ఆయన నా చేతిలోంచి తాళం లాగేసుకున్నారు. మళ్ళీ ఆ సీట్లో కూర్చోవడానికి నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు" అంది. తర్వాత నా వైపు చూసి, "అమ్మాయినే పూర్తి చెయ్యనివ్వండి" అంది.

మామయ్య ఉన్నికి చుట్టుకున్న టేపు పీకేసి, వైరు నా భుజం మీదుగా సర్ది, మిషను నా చేతికిచ్చాడు. నీళ్ళు తాగి రమ్మనలేదు, కాసేపు కూర్చోమనలేదు. జాగ్రత్త అని కూడా అనలేదు. భయం నాలో సర్దుకుని కూర్చునే సమయం దానికి ఇవ్వలేదాయన. వేళ్ళు వదులు చేసి, మిషను బరువును మిషనుకే వదిలి, మిగతా బానెట్టంతా చేశాను. టీచరమ్మ మళ్ళీ కుర్చీలోనే కూర్చుంది, కానీ ఈసారి బడిపిల్లల కాగితాలు దిద్దుకుంటూ కూర్చుంది. నన్ను చూడకుండా ఉండడం కోసమే ఆ పని పెట్టుకుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది.

ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళిద్దరూ షెడ్డు ముందు ఆగారు. తెల్లచీర కట్టుకున్న ఆ పెద్దావిడ కారు దిగి, బానెట్టు మీద నెమ్మదిగా చెయ్యి వేసి నిమిరింది. మామయ్య దిద్దిన చోటు ఆవిడ వేలికి తగిలింది, అక్కడ క్షణం ఆగి ముందుకు పోయింది. తర్వాత బానెట్టులో తన ముఖం కనిపించినట్టుంది, వంగి చూసుకుంటూ ముడిలోంచి జారిన వెంట్రుకలు సర్దుకుంది. "ఆయన ఉన్నప్పుడు ఇందులోనే చూసుకునేదాన్ని" అని కూతురితో అని నవ్వింది. టీచరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

నేను రంగుల పనిలోకి పోలేదు, నర్సునయ్యాను. మోటు చెయ్యి అనిపించుకున్న పిల్ల జీవితమంతా సన్నటి సూదులు పట్టుకుని బతికింది. రిటైరయ్యాక కాప్రాలో ఇల్లు తీసుకున్నాను, దగ్గరలోని ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సులకు పని నేర్పడానికి వెళ్తున్నాను. మామయ్య పోయి చాలా కాలమైంది. ఆ షెడ్డు కూడా లేదు.

మొన్న ఒక కొత్తమ్మాయి సూది గుచ్చితే నరం దొరకలేదు. రోగిగా ఉన్న పెద్దమనిషి చెయ్యి కమిలింది. ఆ పిల్ల ట్రే నా చేతికిచ్చేసి వెనక్కి తగ్గింది. ఏం జరిగిందని దాన్నే అడిగాను, చెప్పింది. ఆ పెద్దమనిషికి ఉన్నమాట చెప్పి, ఇంకోసారి ఈ అమ్మాయినే చెయ్యనిస్తారా అని అడిగాను. ఆయన కాసేపు చూసి రెండో చెయ్యి చాపాడు. నేను ట్రే ఆ పిల్ల చేతుల్లో పెట్టి, పక్కనే నిలబడ్డాను.