గోడ నిండా ఒక గిగాబైట్

మొన్న పెరట్లో పూసిన గులాబీని ఫొటో తీయబోతే స్టోరేజ్ ఫుల్ అని ఫోన్ మొరాయించింది. మావారు వచ్చి జీబీల లెక్క ఏదో చెప్పబోయారు. నాకు ఆ మాట వినగానే మా తోడికోడలు కళ్ల ముందు నిలబడింది.

మేం అమెరికాలో కమ్మింగ్ అనే ఊరికి వచ్చిన తొలి రోజులవి. అన్నదమ్ములిద్దరివీ పక్క పక్క వీధుల్లోనే ఇళ్లు. మా తోడికోడలు తెలుగు ఎమ్మే చదివి, కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చిన మనిషి. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేక, ఎదురుగా ఎవరుంటే వాళ్లకే పాఠం చెప్పేది. ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ నాకు ఛందస్సు నేర్పబోయిందంటే నమ్మండి. వర్క్ పర్మిట్ చేతికి రాగానే, లైబ్రరీలో పెద్దవయసు వాళ్లకి కంప్యూటర్ నేర్పే ఉద్యోగానికి అప్లై చేసింది. ముందు ఒక డెమో క్లాస్ చెప్పమన్నారు. బైట్ నుంచి టెరాబైట్ దాకా, ఏమీ తెలియనివాళ్లకి అర్థమయ్యేలా.

"అక్కా, నువ్వు పక్కనుంటే చాలు. ఇది పోతే మళ్లీ అప్లై చేసే ధైర్యం నాకు లేదు," అంది ఆ మధ్యాహ్నం కార్‌లో లైబ్రరీకి వెళ్తూ.

క్లాసులో మొదట తడబడింది. స్లైడ్ మీది సున్నాల వరుస చూసి, ముందు కూర్చున్న ఒక అమెరికన్ పెద్దాయన "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు" అనేశాడు. ఆమె ప్రొజెక్టర్ ఆపేసి, బయటి అలమరలోంచి లావుపాటి నవల తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇందులో ఒక అక్షరం ఒక బైట్ అనుకోండి. ఒక పేజీ రెండు కిలోబైట్లు. పుస్తకం మొత్తం ఇంచుమించు ఒక మెగాబైట్."

"మరి గిగాబైట్?"

"లేవండి, చూపిస్తాను," అని అందరినీ అలమరల దగ్గరికి నడిపించింది. "ఇలాంటి పుస్తకాలు వెయ్యి. ఈ గోడంతా కలిపితే ఒక గిగాబైట్. ఇలాంటి గోడలు వెయ్యయితే టెరాబైట్."

పెద్దాయన గోడను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. "మా మనవరాలి డాన్స్ వీడియో ఒక గిగాబైట్ ఉందన్నారే! అంటే ఇంతా?"

"అంతే. అక్షరాలు తేలిక, వీడియో బరువు. సెకనుకి ముప్ఫై బొమ్మలు దాచుకోవాలి కదా!"

"చూశారా, మా మనవరాలు ఒక్కతే గోడంత!" అని ఆయన మురిసిపోతే అందరూ చప్పట్లు కొట్టారు. లైబ్రరీ పెద్దావిడ అక్కడికక్కడే "ఎప్పటి నుంచి రాగలవు?" అని అడిగింది. ఆ తర్వాత గ్రోసరీ స్టోర్‌లో కనిపించిన వాళ్లందరికీ, అడగకపోయినా, "లైబ్రరీలో కంప్యూటర్ టీచర్ మా తోడికోడలే" అని చెప్పుకున్నాను.

ఇప్పుడు ఆ క్లాసులన్నీ ఆమె చేతుల మీదే నడుస్తున్నాయి. అప్పుడు అంత పెద్దదిగా తోచిన గిగాబైట్ ఇప్పుడు ఎవరి కంటికీ ఆనదు. ఆ మధ్యాహ్నాన్ని మాత్రం ఇన్నేళ్లయినా కాలం కాస్తయినా చిన్నది చేయలేకపోయింది.