పలకల మీద నీడ పడొద్దని

ఎండతో కరెంటు ఎట్లా పుడుతుందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకురమ్మని బడిలో చెప్పారట, మొన్న మా మనుమరాలు నోటుబుక్కు పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. నీలం పలకల మీద ఎండ పడితే కరెంటు పుట్టి తీగల వెంట సబ్‌స్టేషన్‌కు పోతుందని, బొగ్గు కాల్చే పని లేదని, పొగ రాదని చెప్పాను. రాసుకుని లేచిపోయింది. ఆ పలకల కింది నేల సంగతి అది అడగలేదు, నేను చెప్పలేదు.

ఎల్లారెడ్డిపేటకు అవతల మా పాలివాళ్ల, అంటే మా దాయాదులందరి చెలకల గట్ల మీద వరుసగా తాటిచెట్లుండేవి. మీసం రాని వయసులో మా నాయిన నా నడుముకు మోకు కట్టి ఎక్కించిన చెట్లవి. మట్టల కొసలకు గిజిగాళ్ల గూళ్లు వేలాడేవి, కల్లు లొట్టి దించుతుంటే పిట్టలు చెవి పక్కనే అరిచేవి, దిగివచ్చాక ఆ సన్నని నీడలో, అది జరిగినకొద్దీ మేమూ జరుగుతూ కూర్చునేవాళ్లం. వానలు మొగం చాటేసిన ఏడు కూడా మా పొయ్యి ఆరలేదంటే ఆ చెట్ల వల్లనే.

సోలార్ కంపెనీ వాళ్లు భూములు లీజుకు అడగవచ్చినప్పుడు, వాళ్లతో మాట్లాడింది మా చిన్నన్న. కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉండేవి. పంట లేక పడావు పడ్డ చెలకలే కదా అని నేనూ సరేనన్నాను గానీ, చెట్ల సంగతి మాత్రం అడిగాను.

"చెట్లకేం గాదురా, గట్ల జోలికి రారు. నేనున్న గద," అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించాను. మా మేనత్త ఒక పట్టాన వినలేదు. మామ చెట్టు మీదినుంచి పడి చనిపోయాక, తన వంతు చెట్లను కల్లు గీసేవాళ్లకిచ్చి నలుగురు పిల్లలను సాకిన మనిషి ఆమె.

"నీ మొకం జూసి ఏలుముద్ర ఏస్తున్న కొడుకా," అంది చివరికి.

కంచె నాటిన వారానికే రంపాలు వచ్చాయి. నేను ఉరికి వెళ్లేసరికి ఆరు చెట్లు నేలమీదున్నాయి. పలకల మీద నీడ పడితే కరెంటు తగ్గుతుందని, చెట్లు తీసేయాలని మొదటి కాగితంలోనే రాసి ఉందని అక్కడి ఇంజినీరు చూపించాడు. అన్న ట్రాక్టరు పక్కన నిలబడి ఉన్నాడు.

"నీకు ఎర్కనేనా?"

"ఎర్కనే. జెప్తే నువ్వు అందర్ని ఆపుదువు," అన్నాడు, తల కూడా దించుకోకుండా.

మేనత్త వచ్చి కూలిన మొద్దు మీద కూర్చుంది. తిట్టలేదు. "నువ్వు సదివినవా కొడుకా?" అని మాత్రం అడిగింది. నాకు చదవడం వచ్చు. చదవలేదు. చనిపోయేదాకా ఆమె మళ్లీ నా గడప తొక్కలేదు, నేను అన్న గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ దిక్కు గిజిగాళ్లు రావు. మేకలకు మేత లేదు, కంచె పక్కన నడిస్తే మధ్యాహ్నం సెగ ముఖానికి కొడుతుంది. ఎండను పట్టుకోవడం తప్పని నేననను, నా నెత్తిమీద ఫ్యానూ తిరుగుతోంది. గట్టుకు కొంచెం ఎడంగా పలకలు పెట్టమని అడిగితే ఒప్పుకునేవాళ్లేమో, అడగాల్సిన రోజుల్లో నేను వేలిముద్రలు వేయిస్తూ తిరిగాను. ఇప్పుడు మా ఊళ్లో ఎవరికి వారు ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదివించుకుంటారు, అయినవాళ్లు చెప్పినా సరే. మంచిదే. మాట మీద నమ్మకం మాత్రం మా పాలివాళ్లలో నా చేతుల మీదుగానే పోయింది.