డొంకదారిలో ఎవరూ లేరు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఫోటో అంటే అందులో మనిషి ఉండాల్సిందే. పెళ్లికూతురో, బారసాల పిల్లాడో, ఓటుకార్డు కోసం బిగుసుకుపోయిన ముసలాయనో, ఎవరో ఒకరు. ఉత్త మట్టిదారికి ఫోటో తీసే మనిషిని నేను మొదటిసారి మా ఇంట్లోనే చూశాను. ఆయన మా మావయ్య. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టు దగ్గర ఒక స్టూడియోలో పనిచేసేవాడు. ఆదివారం ఊరొచ్చి, చర్చిలో పూజ అవగానే మెడలో కెమెరాతో డొంకలోకి మాయమయ్యేవాడు. "పెళ్లీ పెటాకులూ లేవు గానీ డొంకలకి ఫోటోలు తీత్తన్నాడు" అని మా అమ్మ తమ్ముణ్ణి వేళాకోళం చేసేది.

మాది రాంబిల్లి వైపు, సముద్రానికి కాస్త ఇవతల ఉండే చిన్న ఊరు. ఊరి చివరి ఇంటి నుంచి సమాధుల తోట దాకా వెళ్లే బండిదారిని డొంకదారి అనేవాళ్లం. అటూ ఇటూ మొగలిపొదలు, తాడిచెట్లు, జీడితోటల కంచెలు. మా అమ్మమ్మ సమాధి ఆ దారి చివరే ఉంది. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె లేదు. మా తాతయ్య మాత్రం రోజూ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లి, సమాధి మీద రాలిన ఆకులు తీసేసి, కాసేపు కూర్చుని వచ్చేవారు. ఆమె పక్కనే తనకూ చోటు అట్టిపెట్టుకున్నారు. "ఇది నాదే అమ్మడూ, ఇంకెవుర్నీ తొంగోనివ్వకు" అని నాతో అంటూ నవ్వేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మా భూముల్లోకి కంపెనీలు వస్తాయని, ఊరు ఖాళీ చేయాలని చెప్పారు. దూరంగా మెట్ట మీద కాలనీ కట్టుకోమన్నారు. పెద్దవాళ్లు అరిచారు, ఏడ్చారు, ఆనక వేలిముద్రలు వేశారు. తాతయ్య పొలం కోసం కూడా అంతగా బాధపడలేదు. సమాధుల తోటకు దారి ఒక్కటి వదిలితే చాలన్నారు. తను పోయినప్పుడు అమ్మమ్మ దగ్గరికి మోసుకెళ్లాలి కదా! ఆ మాట పేపరు మీద రాసిస్తే ఎవరు చదువుతారు, ఫోటోలు చూపిస్తే కదులుతారు అన్నాడు మావయ్య. ఖాళీ చేయడానికి ఇంకా గడువుంది. ఆ ఏడాది అన్ని కాలాల్లోనూ డొంకను తీస్తూనే ఉన్నాడు.

ఆ ఫోటోలు ఎంత బాగుండేవో ఇప్పటికీ చెప్పలేను. వేసవిలో ఎర్రటి దుమ్ము మీద రాలిన జీడిపళ్లు. వానల్లో బండి జాడల నిండా నీళ్లు, ఆ నీళ్లలో ఆకాశం. మొగలిపూలు పూసిన రోజున వాసన రీలులోకి ఎక్కదని మావయ్య నిజంగానే చిన్నబుచ్చుకున్నాడు. చలికాలంలో మంచు తెరలో తాడిచెట్లు సగమే కనపడేవి. దారి ప్రశాంతంగా కనిపించాలని ఆయన పట్టుదల. గడ్డిమోపులవాళ్లు వస్తే ఆపేవాడు, మేకల్ని అదిలించేవాడు. తాతయ్యను కూడా "నాన్నా, తప్పుకో, అడ్డొత్తన్నావు" అనేవాడు. తాతయ్య గబగబా ఏ తాడిచెట్టు చాటుకో వెళ్లి, ఊపిరి కూడా బిగబట్టుకుని నిలబడేవారు.

ఆ ఫోటోలు పట్టుకుని తాతయ్య, మావయ్య, నేను అనకాపల్లిలో భూములు తీసుకునే ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ఆఫీసరు చెడ్డవాడేం కాదు. మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక్కో ఫోటో తిప్పి తిప్పి చూశాడు. కేలండరుకు వేయొచ్చని మెచ్చుకున్నాడు. మావయ్య మొహం వెలిగిపోయింది. అప్పుడు ఆఫీసరు అన్ని ఫోటోలూ బల్ల మీద పరిచి, "ఏడాదంతా తీశారు కదండీ, ఒక్క దాంట్లోనూ మనిషి లేడేం? దీన్ని ఎవరూ వాడటం లేదని మీ ఫోటోలే చెబుతున్నాయి" అన్నాడు.

తాతయ్య లేచి, ఒక ఫోటో మీద వేలు పెట్టి, "నేనున్నాను బాబూ ఇందులో. అదుగో, ఆ తాడిసెట్టెనకాల" అన్నారు. పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు.

తిరుగు బస్సులో మావయ్య కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. కొడుకు ఏడవడం తాతయ్య చూడలేకపోయారు. భుజం మీద చెయ్యేసి, "నువ్వు తప్పుకోమనడం తప్పు కాదురా. ఎందుకని నేనడక్కపోడం తప్పు. ఎవులు తప్పుకోమన్నా తప్పుకోడమే నేర్సుకున్నాం" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "నువ్వైనా అడుగమ్మా" అన్నారు. అంత పెద్ద దెబ్బ తిన్న రోజున ఆ ముసలాయన తన దుఃఖం పక్కన పెట్టి కొడుకు తప్పును తన మీద వేసుకున్నారని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఆ తర్వాతి ఆదివారం మావయ్య మళ్లీ కెమెరా తెచ్చాడు. ఈసారి తాతయ్యను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి డొంక నడిమధ్యన నిలబెట్టాడు. అప్పటికే ఆ దారిన మట్టి లారీలు మొదలయ్యాయి. మావయ్య కెమెరా కంటికి ఆనించేసరికి వెనక హారన్ మోగింది. తాతయ్య తప్పుకున్నారు.

దారి మూసేశారు. పెద్ద గోడ కట్టారు. తాతయ్య కాలనీకి వెళ్లిన మరుసటి వానాకాలం పోయారు. ఆయన్ని ఆ మెట్ట మీదే, మాకెవరికీ తెలియని మట్టిలో పెట్టాం. అమ్మమ్మ పక్కన చోటు ఖాళీగానే ఉండిపోయింది. మావయ్య ఆ తర్వాత పెళ్లిళ్లకు తప్ప కెమెరా ముట్టలేదు.

ఇప్పుడు నాకూ ఒకటీ అరా తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఆస్పత్రిలోనో ఆఫీసు వరండాలోనో ఎవరైనా "కాస్త తప్పుకోండమ్మా" అంటే నా కాళ్లు వాటంతటవే పక్కకు జరుగుతాయి. జరగబోయే కాళ్లను బిగబట్టి, ఎందుకని అడుగుతాను. గట్టిగానే అడుగుతాను. జవాబు చెప్పేవాళ్లు తక్కువ. అడిగానని ఆగినవాళ్లయితే ఇంతవరకూ ఒక్కరూ లేరు. తాతయ్య అడక్కుండా తప్పుకున్నారు, నేను అడిగి తప్పుకుంటున్నాను. మా ఇద్దరికీ తేడా అంతే.