కుబ్రా ఆపా ఇల్లు చూడనిదే బోర్డు ఇవ్వదు

కరీంనగర్ టవర్ సర్కిల్ వెనక సందులో కంప్యూటర్లు బిగించి అమ్మే కుబ్రా ఆపాకు ఒకటే పట్టింపు. కొనేవాడి ఇల్లు చూడనిదే ఆమె మదర్‌బోర్డు అమ్మదు. మౌసు అడిగితే ఇస్తుంది, కీబోర్డు అడిగితే ఇస్తుంది, వైర్లూ పెన్‌డ్రైవులూ బేరం కూడా ఆడకుండా చేతిలో పెడుతుంది. మదర్‌బోర్డు అన్నారో, బుర్ఖా సర్దుకొని, గల్లా దగ్గర భర్త రజాక్‌ను కూర్చోబెట్టి, "ఇల్లెక్కడ?" అంటుంది.

ఇదేం పద్ధతని అడిగినవాళ్ళకు ఆమె దగ్గర ఒకటే జవాబు.

"పిల్లనిస్తున్నం. ఇల్లు సూడకుండ ఇస్తమా?"

నిజానికి పిల్లనిచ్చేవాళ్ళయినా అంతగా చూడరు. ఆమె సంచిలో ఒక టార్చిలైటు, ఇస్త్రీ చేసిన ఒక తెల్ల దస్తీ ఉంటాయి. వెంట ఎర్తింగ్ పరీక్షించడానికి లచ్చయ్య అనే ఎలక్ట్రీషియన్ ఉంటాడు. దస్తీతో అలమార పైభాగం తుడిచి, వెలుతురులో పట్టి చూసి, ఒక్క మాటైనా అనకుండా మడిచి సంచిలో పెట్టుకుంటుంది. ఆ మౌనానికి రోజూ ఇల్లు కడిగే ఇల్లాలికి కూడా చెమటలు పడతాయి. పైగా ఆపా మొహం పుట్టుకతోనే పరామర్శకు వచ్చినట్టు ఉంటుంది. ఇల్లు నచ్చినా అదే మొహం, నచ్చకపోయినా అదే మొహం.

ఒక గ్రానైటు వ్యాపారి తన కొడుకు కోసం షాపులోకెల్లా ఖరీదైన బోర్డు అడిగి, అనుకున్నదానికన్నా ఎక్కువిస్తానన్నాడు. ఆపా వెళ్ళి చూసి ఉత్తచేతులతో తిరిగొచ్చింది. "ఎక్కువిస్తనన్నోని ఇంటి మీదనే నాకు అనుమానం," అంది. రేకుర్తిలో ఒక కుర్రవాడి గది అద్దంలా ఉంది. అయినా ఫెయిలే. ఎందుకంటే ఇంట్లో ఉన్న ఒక్క కూలరూ వాడి గదిలో ఉంది, వాడి నాయనమ్మ హాల్లో అట్టముక్కతో విసురుకుంటోంది. "మిషన్‌కు సల్లగాలి గావాలె ఆపా," అని వాడు మొత్తుకున్నాడు. "నీ మిషన్ ఇంక పుట్టనే లేదు. ముసలమ్మ పుట్టి శాన దినాలైంది. కూలర్ ఆమెకు పెట్టినంక ఫోన్ చెయ్యి," అని ఆటో ఎక్కేసింది.

ఇలాంటి మనిషి చేతిలో సరళాదేవి పడింది.

సరళాదేవి ఇల్లు అదే ఊళ్ళో మంకమ్మతోటలో. కొడుకు విద్యాధర్ చలికాలంలో బైకు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనైంది, ఎముక అతికింది, ఇక నడవాలని డాక్టరు చెప్పి ఎండాకాలం కూడా వెళ్ళిపోయింది. విద్యాధర్ నడవలేదు. హైదరాబాదులో ఉద్యోగం పోయింది, ఆ తర్వాత మాటా పోయింది. గది తలుపు వేసుకున్నాడు. కంచం లోపలికి వెళ్ళేది, సగం తిన్న కంచం బయటికి వచ్చేది. బయట ముసురు, లోపల ముసురు. ఆ ఇంట్లో టీవీ కూడా బొమ్మలు కదిలించేదే తప్ప నోరు విప్పేది కాదు.

అలాంటిది ఒక పొద్దున కంచం అందుకుంటూ వాడు ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. "అవ్వా, గీ బోర్డు హైదరాబాదుల లేదు, ఆన్‌లైన్ల అయిపోయింది. టవర్ సర్కిల్ కాడ ఒక్కల్ల దగ్గరే ఉన్నదట."

నెలల తర్వాత కొడుకు నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు. సరళాదేవికి అది బోర్డో బొంగరమో అక్కర్లేదు. గొడుగు తీసుకొని బయల్దేరింది.

కుబ్రా ఆపా డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. నల్లటి పలక. దాని మీది ఇనుప రేకుల పైన ముసుగు వేసుకున్న మనిషి బొమ్మ, అతని చేతిలో లాంతరు. ఆ మనిషి చీకటి కోటలో ఒంటరిగా తిరిగే ఆట ఒకటి ఉందట. ఆ ఆటను ఇష్టపడేవాళ్ళ కోసమే కంపెనీ ఈ బోర్డు చేసిందట.

"కరెంటిస్తె గీ లాంతరు ఎలుగుతది అక్కా."

"ఎలుగుతె ఏమైతది?"

"ఏం గాదు. ఎలుగుతది, గంతే."

"మంచిదేనా మరి?"

ఆపా నిట్టూర్చింది. "బొమ్మలున్న బోర్డు పట్టుచీర కట్టుకున్న వంటమనిషి అసొంటిది. వంట మంచిగనే చేస్తది. కని పట్టుచీర కర్చు మన మీదనే పడుతది."

"ఏదైతేంది. మా పిలగాడు అడిగిండు. ఇయ్యుండ్రి."

"ఇల్లెక్కడ?" అంది కుబ్రా ఆపా. సరళాదేవి ఇంటి జాడతో పాటు కొడుకు సంగతంతా చెప్పుకుంది.

ఆపా ఇల్లు చూడడానికి వస్తుందని విని సరళాదేవి భర్త శ్రీధర్‌రావు మండిపడ్డాడు. మండిపడటమంటే, ఆ ఇంటి పద్ధతిలో, గుసగుసగా. "దుకాణమామె వచ్చి మన ఇల్లు సూసుడేంది? తాతల కాలం నుండి మన ఇంటికి ఎవలన్న వంక పెట్టిండ్రా?" అంటూనే గడ్డం గీసుకొని గంజిపెట్టిన చొక్కా తొడుక్కున్నాడు. సరళాదేవి నేల తుడిచి, కొత్త దుప్పటి పరిచి, బియ్యప్పిండితో సర్వప్ప చేసింది. పెళ్ళిచూపులకు పిలగాడొక్కడే తక్కువ. వాడు తలుపు తీయలేదు.

ఆపా హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. "ఎవలన్న పండుకున్నరా?"

"లేదు."

"మరి గుసగుసలెందుకు?"

సరళాదేవి, శ్రీధర్‌రావు మొహమొహాలు చూసుకున్నారు. తాము ఎప్పటినుంచి ఇలా మాట్లాడుతున్నారో ఇద్దరికీ గుర్తులేదు.

ఆపా తలుపు తట్టలేదు, పిలగాడిని పిలవలేదు. కుర్చీ లాక్కొని సరిగ్గా వాడి తలుపు పక్కన కూర్చుంది. ఒళ్ళో డబ్బా పెట్టుకొని, సర్వప్ప కొరుకుతూ, శ్రీధర్‌రావుకు ఆ బోర్డు లోపాలన్నీ పెద్ద గొంతుతో చెప్పసాగింది. ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా మర్యాదగా తలూపాడు.

"గీ రేకు సూసిండ్రా రావుసాబ్? బొమ్మ పెద్దగ కనవడాలని కింది స్లాటు మీదికెల్లి కప్పిండ్రు. రేపు ఇంకో కార్డు పెట్టాలంటె రేకు ఇప్పాలె. ఆడెటోనికి గాదిది, అలమారల పెట్టి సూసెటోనికి."

తలుపు వెనక నుంచి బొంగురు గొంతు వినిపించింది. "పవర్ ఫేజులు పద్నాలుగున్నయి దానికి."

సరళాదేవి చేతిలో చాయ్ కప్పు అక్కడే ఆగిపోయింది.

ప్రాసెసర్‌కు కరెంటు సర్దే భాగాలవి. ఎన్ని ఎక్కువుంటే బోర్డు అంత చల్లగా పనిచేస్తుందని లెక్క. ఆపా తలైనా తిప్పకుండా జవాబిచ్చింది. "డబ్బా మీద పద్నాలుగు రాసిండ్రు బేటా. ఉన్నయి ఏడే. ఒక్కోదాన్ని రెండుగ సీల్చి సూపిచ్చిండ్రు."

"అన్ని కంపెనీలు గట్లనే చేస్తయి."

"అందరు చేస్తె ఒప్పుకుంటవా? మస్తు సదువుకున్నవట గద."

"సౌండ్ చిప్ మంచిది. బయోస్ మంచిది. బొమ్మ ఒక్కటి చూసి గిట్లంటున్నరు మీరు."

"బొమ్మ ఒక్కటి సూసి నువ్వు గావాలంటున్నవు."

తలుపు నాలుగు వేళ్ళంత తెరుచుకుంది. ఆ సందులోంచి ఒక కన్ను, కొంత గడ్డం కనిపించాయి. ఆపా అటు చూడకుండా లేచి, "లచ్చయ్యా, ఎర్తింగ్ సూడు," అంది.

ఇంటి వెనక, విద్యాధర్ కిటికీ ఎదురుగానే ఎర్తింగ్ గుంత. ముసురులో తడుస్తూ లచ్చయ్య వైర్లకు బల్బు తగిలించాడు. బల్బు వెలిగింది. లచ్చయ్య నోరు తెరిచి, ఆపా వైపు చూసి, మూసుకొని, మళ్ళీ తెరిచాడు.

"లాభం లేదు," అన్నాడు.

"ఫెయిల్," అంది ఆపా. "పొద్దుమాపు గుంతల ఇంత ఉప్పేసి చెంబెడు నీళ్ళు పొయ్యాలె. ఎవల మిషనో ఆల్లే పొయ్యాలె. ఇంకోలు పోస్తె గ్యారంటీ చెల్లది."

"వాన పడుతుంది గదమ్మా," అన్నాడు శ్రీధర్‌రావు.

"వాన నీళ్ళు వేరే, పోసిన నీళ్ళు వేరే రావుసాబ్," అంటూ ఆపా డబ్బా చంకన పెట్టుకొని వెళ్ళిపోయింది.

ఆ పూట ఎవరూ నీళ్ళు పోయలేదు. మర్నాడు పొద్దున మూలన పడున్న చేతికర్ర టకటకమని చప్పుడు చేసింది. విద్యాధర్ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో చెంబు పట్టుకొని, ఆపాను తిట్టుకుంటూ ఇంటి వెనక్కి నడిచాడు. తిట్లు స్పష్టంగా వినిపించాయి. సరళాదేవికి అవి మంగళహారతిలా ఉన్నాయి.

వారం తిరిగాక ఆపా మళ్ళీ వచ్చింది. ఈసారి విద్యాధర్ తలుపు తీశాడు. ఆమె గదిలోకి వెళ్ళి దస్తీతో కిటికీ చువ్వలు తుడిచింది, వెలుతురులో పట్టింది, మడిచింది.

"ఫెయిల్. గీ కిటికీ తెరువక ఎన్ని నెలలైంది? గోడ చెమ్మ పట్టింది. బోర్డుకు తుప్పు పడుతది."

శ్రీధర్‌రావుకు ఇన్నాళ్ళుగా లోపల అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకొచ్చింది. "ఏందమ్మా నీ పెత్తనం? ఓనాడు గుంత అంటవు, ఓనాడు గోడ అంటవు. మా ఇంట్ల తప్పులు ఎతుకనీకె నువ్వెవలు? నీ బోర్డు లేకుంటె మా పిలగాడు బతుకడా? నడువు."

గుసగుస కాదు, పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూసేంత గొంతు. ఆపా దస్తీ సంచిలో పెట్టుకొని, డబ్బా తీసుకొని, అదే పరామర్శ మొహంతో మెట్లు దిగింది. విద్యాధర్ గది తలుపు మూసుకుంది. ఆ రాత్రి కంచం ముట్టకుండానే బయటికి వచ్చింది.

సరళాదేవి కంటిమీద కునుకు లేదు. వాడు అడిగింది ఒక్కటి, అదీ పోయింది. ఇక ఏదీ అడగడు. తెల్లవారాక ఆ ముట్టని కంచం కడగడానికి ఇంటి వెనక్కి వెళ్ళి, గడప దగ్గరే నిలబడిపోయింది.

కుండపోత వాన. ఆ వానలో విద్యాధర్ కర్ర మీద వంగి గుంతలో చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. వాడి నెత్తిన శ్రీధర్‌రావు గొడుగు పట్టాడు. తాను మాత్రం గంజిచొక్కాతో సహా తడిసి ముద్దవుతున్నాడు.

"ఉప్పు ఏసినవా?" అంటున్నాడు తండ్రి.

"ఏసిన బాపూ. నువ్వు జర ఇటు జరుగు, చెంబులకు వాననీళ్ళు పడుతున్నయి. అవి పనికిరావట."

సరళాదేవి కంచం అక్కడే పెట్టి టవర్ సర్కిల్‌కు ఆటో ఎక్కింది. షాపులో తలవంచుకొని, "మా ఆయన నోరు జారిండు. మీరు మళ్ళ రావాలె," అంది.

"రావుసాబ్ గొంతు మంచిగున్నదక్కా," అంది కుబ్రా ఆపా. "సందు మొగదాక ఇనొచ్చింది. ఎందుకు రాను? గుసగుసలాడే ఇంటికైతె నాకే రాబుద్ధి గాదు."

మూడోసారి వచ్చేసరికి కిటికీ బార్లా తెరిచి ఉంది. గోడకు కొత్త సున్నం. విద్యాధర్ హాల్లో కుర్చీ వేసుకొని, వాదనకు సిద్ధపడి కూర్చున్నాడు. ఇద్దరూ ఆ బోర్డును మళ్ళీ ఏకిపారేశారు. చివరికి స్లాటు మీది రేకు తప్పేనని వాడు ఒప్పుకున్నాడు. సౌండ్ బాగుందని ఆమె ఒప్పుకుంది.

"పాస్," అంది ఆపా. "కని బిగించుడు నాతోటి గాదు. నా కండ్లు ఆనుతలేవు. నువ్వే షాపుకొచ్చి బిగించుకో."

సూది మొనంత స్క్రూలు బారెడు దూరం నుంచి లెక్కపెట్టే కళ్ళు అవి. వాటికి ఆ పూటే చూపు మందగించింది. విద్యాధర్ గొణుక్కుంటూ ఆటో ఎక్కాడు. రజాక్ పక్కన కూర్చొని సాయంత్రం దాకా బిగించి, వేలికి గాయం చేసుకొని, కంప్యూటరుతో ఇంటికి వచ్చాడు. గదిలో లాంతరు వెలిగింది. శ్రీధర్‌రావు కళ్ళజోడు తుడుచుకొని మరీ చూసి, "గింతేనా," అన్నాడు. కానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

కొన్నాళ్ళకు వంటింటి ఫ్యాను బాగుచేయడానికి లచ్చయ్య వచ్చాడు. చాయ్ ఇస్తూ సరళాదేవి, "నీ పుణ్యాన ఎర్తింగ్ మంచిగైంది లచ్చయ్యా," అంది.

లచ్చయ్య మొహం చిన్నబోయింది. "అమ్మా, ఎవలతోటి అనకుండ్రి. మీ ఎర్తింగ్ మొదలుసంది మంచిగనే ఉన్నది. బాగున్నదని చెప్పబోతుంటె ఆపా ఎనకనుండి వద్దని తలకాయ ఊపింది. నడువని పిలగాడు ఉన్నడంటె గుంత బాగలేదని చెప్పుమంటది, గదిల నుండి కదలనోడు ఉన్నడంటె గోడ బాగలేదంటది. గిట్ల ఊర్ల సగం ఇండ్లల్ల నాతోటి చెప్పిచ్చింది. లచ్చయ్య తవ్విన గుంత నిలువదని నా పేరంత ఖరాబైంది."

సరళాదేవికి భయం పట్టుకుంది. పౌరుషం గల పిల్లవాడు. ఇది తెలిస్తే, తనను మోసం చేసి నడిపించారని మళ్ళీ తలుపు వేసుకుంటే? వెనక్కి తిరిగేసరికి విద్యాధర్ వంటింటి గుమ్మంలో కర్రకు ఆనుకొని ఉన్నాడు.

"ఇన్నవా బిడ్డా?"

"ఇనుడేంది అవ్వా. మొదటి నాడు కిటికీ అద్దంలకెల్లి నేను చూడలేదా? బల్బు నిండ వెలిగింది. ఎర్తింగ్ లేకుంటె గట్ల వెలుగుతదా?"

"తెలిసే నీళ్ళు పోసినవా? గంత వానల?"

విద్యాధర్ లచ్చయ్య చాయ్‌లోంచి సగం తన కప్పులోకి ఒంపుకున్నాడు.

"మరేం చెయ్యాలె? పెద్దమనిషి అంత దూరం నుండి వానల తడుసుకుంట వచ్చి మన కోసం అబద్ధమాడుతుంటె, కాదంటె బాగుంటదా?"